అడుగు నుంచి పూడాలి

కదలకూడదు. కాలు తిమ్మిరెక్కి, మోకాలి కింది భాగం నాదో కాదో తెలియకుండా పోయినా సరే కదలకూడదు, అచ్చు తల నా ఒడిలో ఉన్నంతసేపూ ఈ గచ్చు మీద, గోడకు వీపు ఆనించి, ఇలా కూర్చుని ఉండవలసిందే, ఎందుకంటే ఉదయం ఫోనులో పశువుల డాక్టరమ్మ చెప్పిన మాట అది, కట్టు విప్పేయండి, పుండు నాకకుండా మెడకు తగిలించిన గరాటు తీసేయండి, గాలి తగలనివ్వండి, నేను వచ్చి నొక్కి చూసేదాకా దాని నాలుక మాత్రం అక్కడికి చేరనివ్వకండి, అని. చేరనివ్వను తల్లీ. ఒక అరచేయి దాని చెవుల వెనుక, రెండవది గడ్డం కింద, పొత్తిళ్ళలోని శిశువును పట్టుకున్నట్టు పట్టుకుని ఉన్నాను, ముసలి కుక్క బరువైన తల, వెచ్చని ఊపిరి నా పంచె మీద ఒక తడి మచ్చను చేసింది, కిటికీ ఎండ నేల మీద నలుచదరంగా పరుచుకుని సరిగ్గా దాని తుంటి దాకా వచ్చి ఆగింది. ఆ తుంటి మీదనే, గడ్డ కోసి తీసిన చోట, కుట్లు విడిపోయి గుంట పడి, ఇన్ని నెలలుగా మా ఇల్లంతటినీ తన చుట్టూ తిప్పుకున్న చోట, ఇవాళ గుంట లేదు. మట్టంగా ఉన్నది. రసమట్టం పెట్టి చూడనక్కరలేదు, ఎత్తుపల్లాలు చూసి చూసి ముదిరిన తాపీమేస్త్రి కళ్ళు ఇవి, గోడలో గింజంత పల్లాన్ని గది ఆ చివర నుంచి పట్టుకునే కళ్ళు, అవి చెబుతున్నాయి, మట్టంగా ఉన్నది, అంచుల నుంచి గులాబిరంగు కొత్త చర్మం లోపలికి పాకి పాకి నడిమధ్యన ఒకదానినొకటి తాకింది. నా గుండె ఒకచోట నిలవడం లేదు. ఈ వయసులో ఇంత సంబరం పనికివచ్చేది కాదేమో, కాని అది నన్ను అడిగి వచ్చిందా, కట్టు విప్పిన క్షణాన గొంతు దాకా ఉబికి వచ్చి, పళ్ళ వెనుక నిలబడి, తలుపు తియ్యి తలుపు తియ్యి అంటున్నది, నేను పెదవులు బిగించుకుని కూర్చున్నాను.

ఎవరికి చెప్పను. కొడుకూ కోడలూ పనులకు పోయారు. ఇంట్లో ఉన్నది మా ఆవిడ ఒక్కతె, ఈ గోడకు అటువైపు వంటింట్లో, మామూలుగా పువ్వు దించినట్టు గిన్నె దించే మనిషి ఇవాళ ప్రతి గిన్నెనూ మోగిస్తూ దించుతున్నది, ఆ మోతలో ఉన్నది వంట కాదు, భయమని నాకు తెలుసు. పొద్దున్నే కళ్ళు పక్కకు తిప్పుకుని గరాటు ముడి విప్పి చెప్పేసింది, మెత్తగానే చెప్పింది గాని తిరుగులేకుండా చెప్పింది: "మీరు విప్పుకోండి, మీరు చూసుకోండి. ఆ డాక్టరమ్మాయి వచ్చి నొక్కి చూసి చెప్పేదాకా నేను ఆ గదిలోకి రాను. ఈలోగా నాకే శుభవార్తా చెప్పకండి." అలా అనడానికి కారణమున్నది. మునుపొకసారి ఇలాగే పైన చర్మం కప్పుకున్నది, ఇంతే అందంగా, మేము పొంగిపోయాము, ఆవిడ వీధి వీధంతా చెప్పి వచ్చింది, కాయగూరల బండివాడికి కూడా చెప్పింది, అతడు కుక్క పేరు మీద గుప్పెడు బీన్సు కొసరు వేశాడు. ఆ వారం తిరగకుండానే ఒక మధ్యాహ్నం అచ్చు ఆవిడ పక్కన పడుకుని నిద్రలో వొళ్ళు విరుచుకున్నదట, పైకప్పు ఫట్టున విచ్చుకుని లోపల దాగి ఉన్న చీము అంతా దుప్పటి మీద పడింది. ఆవిడ కేక వేయలేదు. దుప్పటి తీసి, తడిపి, ఉతికి, ఆరవేసి, అప్పుడు వచ్చి నాతో చెప్పింది. అప్పటి నుంచి గాయాన్ని చూడదు, కుక్కను చూస్తుంది, ముద్ద కలిపి తినిపిస్తుంది, తల నిమురుతుంది, తుంటి వైపుకు మాత్రం కళ్ళు తిప్పదు. అందుచేత నేను మాట ఇచ్చి కూర్చున్నాను, చెప్పను, చెప్పను, కాని స్వామీ, గోడకు ఇవతల ఇంత వెలుగు పెట్టి అవతల ఆ మనిషిని చీకట్లో నిలబెట్టడం నాచేత చేయిస్తున్నావు.

"వచ్చిందా?" అని అడుగుతున్నది మా ఆవిడ గోడ అవతలి నుంచి. లేదన్నాను. నా గొంతులో ఏదో తేడా వినిపించి ఉంటుంది, గిన్నెల మోత ఒక్క క్షణం ఆగి మళ్ళీ మొదలైంది.

పైన కప్పుకున్నంత మాత్రాన పూడినట్టు కాదు, ఈ సంగతి నాకు ఒకరు చెప్పాలా. ఎన్ని గోడలు చూశాను, చెమ్మ ఆరకముందే, వెనుక ఇటుక గట్టిపడకముందే, తొందరపడి పైన సిమెంటు మాలు పూసి నున్నగా తాపీతో రుద్ది, ఇంటివాళ్ళు మురిసిపోయి మేళతాళాలతో గృహప్రవేశం చేసిన గోడలు, ఒక వాన వెళ్ళేసరికి పొట్ట ఉబ్బి పెచ్చులు పెచ్చులుగా ఊడేవి. అందుకే గోడను కంటితో చూడరాదు, చెవితో చూడాలి. వేలి కణుపుతో కొట్టి వినాలి, గట్టి గోడ బదులు చెప్పదు, వేలికి నొప్పి పుట్టించి ఊరుకుంటుంది, డొల్ల గోడ పలుకుతుంది, నేను బాగున్నాను నేను బాగున్నాను అని మోగుతుంది. ఇప్పుడు నా చూపుడువేలి కణుపు దురద పుట్టినట్టు లాగుతున్నది, అచ్చు తుంటి మీద ఒక్కసారి, ఒకే ఒక్కసారి, మెల్లగా తట్టి వింటే. ఛీ, ప్రాణమున్న మాంసం అది. కుట్లు విడిపోయిన రోజున నేనే ఆ అమ్మాయిని అడిగాను, మళ్ళీ కుట్టేయండి తల్లీ, రెండు అంచులూ దగ్గరకు లాగి కుట్టేస్తే పోలేదా, అని. ఆవిడ తొడుగులు తీసి, చేతులు కడుక్కుని, నా ఎదురుగా బల్ల మీద కూర్చుని, నేను మేస్త్రినని తెలిసిన మీదట నాకర్థమయ్యే తీరులో చెప్పింది, "పైన మూసేస్తే కింద కుళ్ళుతుంది మేస్త్రిగారూ. ఇది అడుగు నుంచి పూడాలి. మనం చేసేదల్లా శుభ్రంగా ఉంచి కాచుకోవడమే." కాచుకోవడమే. జీవితమంతా చేతులతో పని చేసినవాడికి అంతకన్న కఠినమైన పని ఇంకేమి చెప్పగలదు ఎవరైనా.

అచ్చు కన్ను తెరిచి నన్ను చూసి మూసుకున్నది. చెవి ఒకటి నా వేళ్ళ మధ్యన అదిరింది, ఏదో కల కాబోలు, పరుగెడుతున్నదేమో, దీని తొలి పరుగు నేను చేసిన గచ్చు మీదనే గదా. ఒక పెద్ద ఇంట్లో వసారాకు గచ్చు చేసి, చివరి మెరుగు పెట్టి, మోకాళ్ళ మీద వెనక్కు వెనక్కు జరుగుతూ గుమ్మం దాకా వచ్చి, నడుము నిలబెట్టి నా పనిని నేనే ముచ్చటగా చూసుకుంటున్న వేళ, ఎక్కడి నుంచి వచ్చిందో పిడికెడు పిల్ల, ఈ మూల నుంచి ఆ మూలకు తడిగచ్చు మీద అడ్డదిడ్డంగా నడిచి, నడుమ ఒకచోట కూలబడి, పిర్రల గుర్తు కూడా వేసి, నా కాళ్ళ దగ్గరికి వచ్చి తోక ఊపింది. ఆ ఇంటాయన మండిపడ్డాడు. నేను మళ్ళీ మోకాళ్ళ మీద పడి గచ్చంతా చదును చేశాను, పిల్లను మాలు తట్టలో పెట్టుకుని ఇంటికి తెచ్చాను, కాళ్ళకు సిమెంటు కరిచి పుండు పడకుండా వెంటనే కడగాలని తెచ్చాను, అంతే, పెంచుకుందామని కాదు. మా ఆవిడ తట్టలోకి తొంగి చూసి, "కూలికి బదులు ఇదిచ్చారా?" అన్నది. గడప దాటి లోపలికి రానివ్వనన్నది. ఆ గడప ఏమైనదో, ఎన్నడు చెరిగిపోయినదో, ఇవాళ నా మంచం కింద కాదు, ఆవిడ మంచం పక్కనే దాని పడక. అచ్చులు వేసిందని అచ్చు అన్నాము. పిలిచి పిలిచి ఆ పేరుకు ఉన్న కారణం అరిగిపోయి, ఇప్పుడు ఆ మాట వింటే తోకే గుర్తుకు వస్తుంది.

ఎన్ని ఉదయాలు. స్నానం చేసి, దేవుడి ముందు దీపం పెట్టి, ఆ దీపం ఎదుటే మరిగించిన ఉప్పునీళ్ళు గిన్నెలో చల్లార్చి, గాజుగుడ్డ ముక్కలు కోసి, రబ్బరు తొడుగులు వేసుకునేవాడిని, నా చేతులకు ఎక్కక ఎక్కక అవి ఎన్నిసార్లు చిరిగాయో, సున్నమూ సిమెంటూ తిన్న చేతులు, మొసలి తోలులాంటివి, వాటికి వేడి తెలియదు, చల్లన తెలియదు. గాయం చుట్టూ వేడిగా ఉందేమో చూడండి అని ఆ అమ్మాయి చెబితే, చెయ్యి పెట్టి చూసి చల్లగానే ఉందన్నాను, ఆవిడ వచ్చి చూస్తే నిప్పులా కాలుతున్నది. అప్పటి నుంచి చెంప ఆనించి చూస్తున్నాను. నేల మీద బోర్లా పడుకుని, నా చెంపను దాని తుంటికి దగ్గరగా చేర్చి, ఊపిరి బిగబట్టి, వేడి ఉన్నదా లేదా అని, మా కోడలు ఒకనాడు గుమ్మంలో నిలబడి చూసి, మామయ్యగారు కుక్కకు సాష్టాంగం చేస్తున్నారు అనుకున్నదట, మొగుడితో చెప్పి నవ్విందట. తప్పేముంది తల్లీ, చేశాననే అనుకో. ఎరుపు మంచిది, పసుపైతే ఆగి చూడండి, నలుపైతే వెంటనే నాకు చెప్పండి, అని ఆ అమ్మాయి నేర్పింది. పసుపు పోయి ఎరుపు రావడానికి ఎంత కాలం పట్టిందో, ఆ ఎరుపు కూడా ఒక పొరగా రాదు, చిన్న చిన్న గింజలుగా, విత్తనాలు పక్కపక్కనే పరిచినట్టు, తడి తడిగా మెరుస్తూ, గుంట అడుగున పుడుతుంది. మొదటిసారి చూసిన రోజు నేను చీము అనుకుని తుడిచేయబోయాను, ఆ అమ్మాయి నా మణికట్టు పట్టుకుని ఆపింది, అదే మేస్త్రిగారూ మీ పునాది అన్నది. ఆ మాటకు ఆ రాత్రి నాకు అన్నం సయించలేదు, ఆనందం చేత.

మరి ఇంత జాగ్రత్తగా చూస్తే ఇన్నాళ్ళెందుకు పట్టింది. ఆ కథ తలుచుకుంటే ఇప్పటికీ నవ్వూ వస్తుంది, తలా దించుకోవాలనిపిస్తుంది. గింజలు పుట్టినవి పుట్టినట్టే మాయమవుతున్నాయి, గుంట ముందుకు పోదు, వెనక్కు పోదు, మందు మార్చారు, కట్టు మార్చారు, ఊహూ. ఒకనాడు ఆ అమ్మాయి ఈ గదిలోనే కూర్చుని గాయం చుట్టూ ఉన్న వెంట్రుకలను వేళ్ళతో విడదీసి చూసి, ఇది ఉమ్మి తడి, గరాటు ఎవరు తీస్తున్నారు, అని అడిగింది. మా అబ్బాయి పైనున్న ఫ్యాను వైపు చూశాడు, కోడలు మా అబ్బాయి వైపు చూసింది, మా ఆవిడ నా వైపు చూసింది, నేను గోడ వైపు చూశాను, ఆ గోడ నేను కట్టిందే, అదీ ఆదుకోలేదు. ఒక్కొక్కరే బయటపడ్డాము. గరాటు అంచు గిన్నెకు తగిలి తిండి సరిగా తినలేకపోతున్నదని, తినేటప్పుడు మాత్రం మా ఆవిడ తీస్తున్నది. చెవి వెనుక గోక్కోలేక గిలగిలలాడుతున్నదని, సాయంత్రం పని నుంచి వచ్చాక మా అబ్బాయి కాసేపు. అందరి పిక్కలకూ గుద్దుకుని అదే బిక్కమొహం వేస్తున్నదని, మధ్యాహ్నం కోడలు కాసేపు. నేనా, పొద్దున దేవుడి ముందు కళ్ళు మూసుకుని కూర్చుంటే పక్కన ఆ ప్లాస్టిక్ చెరసాలలో ఆ మొహం, ధ్యానం కుదిరేది కాదు, పూజ అయ్యేదాకా కాసేపు. ఎవరికి వారు తామొక్కరే జాలిగలవారమని, మిగిలినవారంతా కఠినులని అనుకుని, ఇంకొకరికి చెప్పకుండా, కాసేపే గదా అని. ఆ అమ్మాయి అందరి మొహాలూ వరుసగా చూసి, "మీరంతా తలా కాసేపే తీశారు. దానికి మాత్రం రోజంతా కలిసొచ్చింది" అన్నది. అచ్చు ఆ మాటకు తోక ఊపింది. అప్పుడు మా ఆవిడ లేచి, గరాటు దాని మెడకు బిగించి, వెనుక తాడును తనకొక్కదానికే తెలిసిన ముడి వేసి, ఈ ముడి విప్పాలంటే నన్ను అడగాలి, నేను విప్పాలన్నా నన్ను నేను అడిగే విప్పుతాను, అని ప్రకటించింది. ఆ తరువాత గింజలు నిలిచాయి. ప్రేమ పేరు మీద ఇంటిల్లిపాదీ వంతులవారీగా పడగొట్టిన గోడను, ఎవడో ఓపికగా మళ్ళీ మొదటి నుంచి ఎత్తడం మొదలుపెట్టాడు.

ఎవడు, ఎవడా మేస్త్రి. ఇదే నాకు ఈ నెలలన్నిటా తెగని ఆశ్చర్యం, ఇప్పుడు ఈ ఎండలో, తిమ్మిరెక్కిన కాలితో, అది మరీ ఉధృతమై నన్ను ఊపేస్తున్నది. నేను ఒక గోడ ఎత్తాలంటే ఇటుక కావాలి, ఇసుక కావాలి, నీళ్ళు కావాలి, కింద అందించేవాడు, పైన నిలబడడానికి కర్రలు కట్టిన సారువ, తూకపు గుండు, దారం, నా అరుపులు. ఇక్కడ చప్పుడు లేదు. అరిచేవాడు లేడు. మేమంతా నిద్రపోతున్నప్పుడు, మేము పోట్లాడుకుంటున్నప్పుడు, మేము గరాటు తీసి మోసం చేస్తున్నప్పుడు కూడా, ఆ చీకటి గుంట అడుగున కూర్చుని, ఎక్కడి నుంచో ఎర్రని మాలు తెచ్చుకుని, గింజ పక్కన గింజ పేర్చి, ఆ గింజలలోకి రక్తపు కాలువలు తవ్వి, అంచులకు వార్త పంపి, ఇక మీరు రండి అని చర్మాన్ని పిలిచి, ఎక్కడ ఆపాలో అక్కడ ఆపినవాడు ఎవడు. ఎక్కువా పోయలేదు, తక్కువా పోయలేదు. సరిగ్గా మట్టానికి వచ్చి చేయి కడుక్కున్నాడు. ఇన్నేళ్ళు సారువ మీద నిలబడి పద్యాలు పాడుకుంటూ పని చేశాను, నిన్ను సృష్టికర్తవని, విశ్వకర్మవని, ఎన్ని సమాసాలతో పిలిచానో, సమాసాలలో నీవు పెద్ద పెద్ద పనులు చేసేవాడివి, కొండలు నిలిపేవాడివి, సముద్రాలకు గట్లు కట్టేవాడివి, ఒక ముసలి కుక్క తుంటిలో అరచేయంత చోటులో కూర్చుని తాపీ పని చేస్తావని నాకెవరూ చెప్పలేదు స్వామీ. నాలుక చివర ఏదో పద్యం కదులుతున్నది, పాడితే గోడకు అవతల ఆవిడకు తెలిసిపోతుంది, నేను పాడుతున్నానంటే సంతోషంగా ఉన్నానని పెళ్ళయిన కొత్తలోనే కనిపెట్టేసింది. పెదవులు బిగించు. బండి చప్పుడు. వీధి మలుపులో. వచ్చేసింది, గుండె ఒక్క గంతు వేసింది, అచ్చు చెవులు నిక్కబొడిచింది, కాదు, గ్యాసు బండలవాడు, బండ మీద స్పానరుతో టంగుటంగుమని కొట్టుకుంటూ ముందుకు పోయాడు.

ఇంత సంబరపడుతున్నావు, డొల్ల అయితే, అని లోపల ఎవరో అన్నారు. అన్నవాడిని నేను గుర్తుపట్టాను, వాడూ మేస్త్రీయే, నాకన్న పాతవాడు, పొగడ్త వినగానే గోడ తట్టి చూడమనేవాడు. డొల్ల అయితే రేపు పొద్దున్నే ఆసుపత్రి, అక్కడ అంతా సిద్ధం చేసి ఉంచింది ఆ అమ్మాయి, పైచర్మం తెరిచి, చీము నిలిచే లోపలి జేబు కోసి తీసేసి, పొట్ట పక్క నుంచి చర్మాన్ని మళ్ళించి తెచ్చి కప్పాలట, పెద్ద పని, మత్తు లోతుగా ఇవ్వాలి. గుండె చప్పుడులో గరగర ఉన్నది దీనికి, వయసు మీద పడ్డ గుండె. దాచకుండానే చెప్పింది, మత్తులోంచి లేస్తుందని నేను మాట ఇవ్వలేను, లేవకపోవడానికే ఎక్కువ వీలుంది, చెయ్యకపోతే మాత్రం ఆ జేబులోని విషం ఒంటికి పాకుతుంది, అని. మా ఆవిడ వద్దనే అన్నది, నేను బతికున్నన్నాళ్ళూ కడుక్కుంటాను, ఉండనీయండి ఆ పుండును, మీకేం బరువు, అన్నది. కడగడం కాదే, లోపల పాకుతుందంటే వినవేమి, అని నేను గొంతు పెంచాను. నిన్నటి సాయంకాలం అది. ఆవిడ పళ్ళెంలో వేలితో గీతలు గీస్తూ, తల ఎత్తకుండానే అన్నది: "ఎల్లుండి మీరు తీసుకెళ్తానంటే తీసుకెళ్ళండి. తిరిగి తీసుకొస్తానని మాత్రం చెప్పండి." ఒక గోడ ఇన్నేళ్ళు నిలుస్తుందని ఎందరికో చేతిలో చెయ్యి వేసి చెప్పినవాణ్ణి, ఈ ఒక్క మాట ఇవ్వలేక లేచి బయటికి పోయాను. ఆ మాట ఇంకా ఈ ఇంట్లో తిరుగుతున్నది, ఎవరి మీదా వాలకుండా. అయినా చూడు, ఎంత తోసినా ఈ సంబరం పోదేమి, భయం వచ్చి కూర్చున్న బల్ల మీదనే పక్కన జరిగి చోటిచ్చి తానూ కూర్చున్నది, రెండూ ఒకే గుండెను గుద్దుతున్నాయి, ఏది దేని దెబ్బో తెలియడం లేదు.

గేటు చప్పుడైంది. ఈసారి నిజంగా. చెప్పులు విప్పిన చప్పుడు, కుళాయి కింద చేతులు కడుక్కున్న చప్పుడు, ఆ అమ్మాయి లోపలికి వచ్చి నన్ను లేవవద్దని సైగ చేసింది, లేవమన్నా లేవలేనని చెప్పడానికి నాకు నోరు రాలేదు. నోరు తెరిస్తే ఏమి బయటపడుతుందో. ఎండలో చతికిలబడి, తొడుగులు వేసుకుని, తుంటి మీదికి వంగి చూసింది. వంటింట్లో గిన్నెల మోత ఆగిపోయింది, కుళాయి ఆగింది, పొయ్యి కూడా కట్టేసి ఉంటుంది, ఇల్లంతా చెవి అయింది. అంచుల వెంట వేలితో నొక్కుతూ వచ్చింది, పై అంచు, పక్క అంచు, నొక్కినచోట తెల్లబడి, వేలు తియ్యగానే గులాబిరంగు తిరిగి వస్తున్నది, నేను కళ్ళు మూసుకున్నాను, చూడడానికి కాదు వినడానికి కూర్చున్నవాడిలా, డొల్ల ఉంటే ఆ అమ్మాయి ఊపిరిలోనైనా పలుకుతుంది గదా అని. కింది మూలకు వచ్చింది. పోయినసారి విచ్చుకున్నది అక్కడే. నొక్కింది. మళ్ళీ నొక్కింది. బొటనవేళ్ళు రెండూ చేర్చి మూడవసారి గట్టిగా నొక్కింది. అచ్చు తల తిప్పి ఆ బొటనవేళ్ళ వైపు ఒకసారి చూసి, నోరంతా తెరిచి ఆవులించింది. తడి లేదు. చెమ్మ లేదు. ఆ అమ్మాయి తొడుగుల వేళ్ళు ఎండలో పట్టి చూసుకుంటున్నది, పొడిగా ఉన్నాయి.

"మేస్త్రిగారూ" అన్నది, తొడుగులు ఊడదీస్తూ, "అడుగు దాకా గట్టిగానే ఉంది. రేపు రావద్దు."

రేపు రావద్దు. ఇంత శ్రావ్యమైన మాట ఏ కావ్యంలోనైనా ఉన్నదా. నేను తల ఊపుతూనే ఉన్నాను, ఎందుకు ఊపుతున్నానో తెలియకుండా, మొహం తడిసిపోయినది తెలుస్తున్నది గాని తుడుచుకోవడానికి చేతులు ఖాళీగా లేవు. మా ఆవిడ గుమ్మంలో నిలబడి ఉన్నది. ఎప్పుడు వచ్చిందో. తడి చేతులు కొంగుకు తుడుచుకుంటూనే ఉన్నది, అవి ఆరిపోయినా తుడుచుకుంటూనే ఉన్నది, నా వైపు చూడలేదు, డాక్టరమ్మ వైపు చూసింది. నిజంగానేనా అమ్మా అని అడిగింది, చాలా చిన్న గొంతుతో. ఆ అమ్మాయి నవ్వి, నా మాట ఎందుకు, మీరే నొక్కి చూడండి, అన్నది. ఆవిడ వచ్చి పక్కన కూర్చుని, ఇన్ని వారాలుగా చూడని చోటును చూసింది, చెయ్యి చాచి, చివరి క్షణాన వెనక్కు తీసుకుని, మళ్ళీ చాచింది.

ఆ చెయ్యి ఇంకా తగలకముందే అచ్చు నా ఒడిలోంచి తల ఎత్తింది. ముందరి కాళ్ళు చాచింది, వెనుక కాళ్ళు కూడదీసుకున్నది, లేచి నిలబడింది. మెడ చుట్టూ గరాటు లేదని అప్పుడే తెలిసినట్టు ఒక్క క్షణం ఆశ్చర్యపోయి నిలిచి, ఏమి చేయబోతున్నదో మా ముగ్గురికీ ఒకేసారి అర్థమై ముగ్గురి చేతులూ వద్దు వద్దని గాలిలోకి లేచేలోగా, విదిలించింది. ముక్కు దగ్గర మొదలై, చెవులు తలకు అటూ ఇటూ టపటపా కొట్టుకుని, మెడ తిరిగి, వీపు తిరిగి, తుంటి తిరిగి, తోక కొస దాకా, ఒంట్లోని ప్రతి ఎముకా ప్రతి వెంట్రుకా తన చోటు తాను వెతుక్కున్నట్టు, ఎన్ని నెలలుగానో దాచి ఉంచిన విదిలింపు, నెలల తరబడి ఒంటికి అంటిన మందువాసనా కట్లూ మా అందరి జాలీ అన్నీ ఒక్కసారిగా రాల్చేసే విదిలింపు. ఎండ నిండా వెంట్రుకలు లేచాయి. డాక్టరమ్మ ఊపిరి బిగబట్టి ముందుకు వంగింది, నేను మోకాళ్ళ మీద పడ్డాను, మా ఆవిడ అందరికన్న ముందు వంగి, ఇన్నాళ్ళు తిప్పని కళ్ళను ఆ తుంటికి జానెడు దూరంలో పెట్టి, వేలితో ఆ కొత్త చర్మం పొడుగునా పై నుంచి కింద దాకా రాసి చూసింది.

"విడలేదండీ" అన్నది, నాతో.